సెలైన్ సీసా కంటె ముందు ఇ.సి.జి. కాగితం



మన కోనసీమ పల్లెల్లో పెద్దవారెవరైనా కళ్ళు తిరిగి పడిపోతే మొదట ఏమి జరుగుతుందో మనందరికీ తెలుసు. మొహాన నీళ్ళు చల్లుతారు. అరుగు మీద పడుకోబెట్టి విసురుతారు. ఒకరు నీరసం అంటారు, ఒకరు పైత్యం అంటారు, ఒకరు షుగర్ డౌన్ అయ్యిందంటారు. ఇంతలో ఊళ్ళోని ఆర్.ఎం.పి. గారు వచ్చి ఒక సెలైన్ సీసా పెట్టి, అందులో ఒక బి-కాంప్లెక్స్ ఇంజక్షను కలుపుతారు. సాయంత్రానికి మనిషి లేచి కూర్చుంటాడు. హమ్మయ్య అని అందరూ ఇళ్ళకు వెళ్ళిపోతారు.

చాలాసార్లు అది నిజంగా నీరసమే కావచ్చు. కాని కొందరి విషయంలో మనిషి లేచి కూర్చున్నది సెలైన్ వలన కాదు. కొన్ని క్షణాలు ఆగిపోయిన గుండె తనంతట తానే మళ్ళీ కొట్టుకోవడం వలన. అటువంటి గుండె మరొకసారి ఆగవచ్చు. ఆ రెండవసారి తిరిగి మొదలవుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

అందుచేత ఈ సంచికలో హార్ట్ బ్లాక్ గురించి మా అభిప్రాయం సూటిగా చెప్పదలిచాము. స్పృహ తప్పి పడిపోయిన ప్రతి మనిషికీ, వయసు ఏదైనా సరే, సెలైన్ పెట్టి ఇంటికి పంపే ముందు ఒక ఇ.సి.జి. తీయాలి. ఆ కాగితం ఆ కుటుంబం చేతిలో ఉండాలి. అందులో ఏమున్నదో వారికి తెలుగులో చెప్పాలి. ఈ మూడూ పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. అయినా మన ప్రాంతంలో ఇవి తరచుగా జరగడం లేదు.

మేము సెలైన్‌కు వ్యతిరేకులము కాము. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోయినవారికి అది ప్రాణం నిలుపుతుంది. కాని గుండె నెమ్మదించి ఊపిరితిత్తులలో నీరు చేరుతున్న మనిషికి సీసా మీద సీసా ఎక్కిస్తే ఆయాసం పెరుగుతుంది. ఎవరు ఏ రకమో మొహం చూసి చెప్పలేము. నాడి పట్టుకొని చూస్తే కొంత తెలుస్తుంది, ఇ.సి.జి. తీస్తే చాలావరకు తెలుస్తుంది.

మన గోదావరి పల్లెల లెక్క

గుండె జబ్బులు పట్నం వారికి, బాగా బలిసినవారికి వచ్చేవి అని ఇంకా అనుకునేవారున్నారు. 2003-04 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనీషియేటివ్ అనే పరిశోధన అప్పటి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో జరిగింది. సుమారు 1,80,000 మంది జనాభాలో ఒక సంవత్సర కాలంలో జరిగిన 1,354 మరణాలకు కారణాలేమిటని ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి అడిగారు. 2006లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఆ మరణాలలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వలన కలిగినవే. అంటు వ్యాధుల వలన చనిపోయినవారు 12 శాతం మాత్రమే. అంటే మన పల్లెల్లో కూడా ప్రతి ముగ్గురిలో ఒకరిని తీసుకుపోతున్నది గుండె, రక్తనాళాల జబ్బే.

ఇక్కడ ఇంకొక మాట ఆలోచించాలి. చనిపోయిన మనిషి గురించి ఇంటివారిని అడిగి కారణం తెలుసుకునే పద్ధతిలో గుండె లయ కనబడదు. "బాగానే ఉన్నాడు, పడిపోయాడు, పోయాడు" అన్న మాట మాత్రమే మిగులుతుంది. ఆ మాట వెనుక గుండెపోటు ఉండవచ్చు, పక్షవాతం ఉండవచ్చు, హార్ట్ బ్లాక్ కూడా ఉండవచ్చు. మనిషి బ్రతికి ఉండగా ఒక కాగితం తీసి ఉంటేనే ఆ తేడా తెలిసేది.

రెండు రకాల బ్లాకులు

మా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమందిని గందరగోళ పెట్టే మాట ఈ "బ్లాక్". గుండె కండరానికి రక్తం తెచ్చే నాళాలలో కొవ్వు పేరుకొని పూడిక ఏర్పడితే దానిని బ్లాకేజీ అంటారు. యాంజియోగ్రాం, స్టెంటు, బైపాస్ అనే మాటలు దానికి సంబంధించినవి. హార్ట్ బ్లాక్ అది కాదు. ఇది గుండెలోని కరెంటు దారిలో వచ్చే అడ్డంకి. ఇంటి భాషలో చెప్పాలంటే ఒకటి నీళ్ళ గొట్టం బాధ, రెండవది కరెంటు వైరు బాధ.

ఈ తేడా తెలియక రెండు విధాల నష్టం జరుగుతున్నది. ఇ.సి.జి. కాగితం పైన యంత్రం ముద్రించిన ఇంగ్లీషు వరుసలో "బ్లాక్" అన్న మాట చూసి, ఏ ప్రమాదమూ లేనివారు బెంబేలెత్తి, పుస్తెలు తాకట్టు పెట్టి పెద్ద ఊళ్ళకు పరుగెత్తుతున్నారు. నిజంగా ప్రమాదకరమైన బ్లాక్ ఉన్నవారేమో ఛాతీ నొప్పి లేదు కదా అని ఇంట్లోనే ఉండిపోతున్నారు. హార్ట్ బ్లాక్‌కు నొప్పి ఉండాలన్న నియమం లేదు.

లాకుల దగ్గర పడవ

ఆత్రేయపురం వైపు వెళ్ళినవారు లొల్ల లాకులు చూసే ఉంటారు. పడవలు కాలువల్లో తిరిగే రోజుల్లో ఎగువ నుండి వచ్చిన పడవ లాకు దగ్గర కొద్దిసేపు ఆగేది. లస్కరు నీటి మట్టం సరిచేసి, తలుపులు తెరిచి దానిని దిగువకు పంపేవాడు. మన గుండెలో కూడా సరిగ్గా ఇటువంటి లాకు ఒకటున్నది.

గుండెలోని పై రెండు గదులను కర్ణికలు, క్రింది రెండు గదులను జఠరికలు అని పిల్లలు బడిలో చదువుకుంటారు. కుడి కర్ణిక పైభాగంలోని ఒక కణుపు విశ్రాంతిలో నిమిషానికి 60 నుండి 100 సార్లు చిన్న విద్యుత్ సంకేతాన్ని పుట్టిస్తుంది. ఆ సంకేతం పై గదులన్నీ పాకి, పై గదులకూ క్రింది గదులకూ మధ్యనున్న రెండవ కణుపు దగ్గరకు వచ్చి కొద్దిగా ఆగుతుంది. ఈ రెండవ కణుపును 1906లో సునావో తవారా అనే జపాను వైద్యుడు వివరంగా వర్ణించాడు. అదే మన లాకు. పై గదులలోని రక్తం క్రింది గదులలోకి పూర్తిగా దిగడానికి ఆ కొద్దిపాటి ఆగడం అవసరమే. తరువాత సంకేతం రెండు పిల్ల కాలువల వంటి తీగల గుండా క్రింది గదులకు చేరుతుంది. అప్పుడు జఠరికలు ముడుచుకొని రక్తాన్ని ఒళ్ళంతటికీ పంపుతాయి. మణికట్టు దగ్గర మన వేలికి తగిలే నాడి అదే.

కాగితం మీద ఏమి కనబడుతుంది

1903లో డచ్చి శాస్త్రవేత్త విలియం ఐంతోవెన్ ఈ సంకేతాలను స్పష్టంగా నమోదు చేసే యంత్రాన్ని వివరించి, అందుకు 1924లో నోబెల్ బహుమతి పొందాడు. ఆయన పెట్టిన అక్షరాలనే నేటికీ వాడుతున్నాము. పై గదులు స్పందించినప్పుడు కాగితం మీద చిన్న గుట్ట వంటి "పి" వస్తుంది. క్రింది గదులు స్పందించినప్పుడు నిటారైన ముల్లు వంటి "క్యూ.ఆర్.ఎస్." వస్తుంది. తరువాత క్రింది గదులు తేరుకునేటప్పుడు గుండ్రని "టి" వస్తుంది. లాకు దగ్గర పడవ ఎంతసేపు ఆగిందో తెలియాలంటే "పి" మొదలు నుండి ముల్లు మొదలు వరకు కొలవాలి.

కొలత కష్టమేమీ కాదు. కాగితం మామూలుగా సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో నడుస్తుంది. ఒక చిన్న గడి 0.04 సెకను. అయిదు చిన్న గడులు కలిసిన పెద్ద గడి 0.20 సెకను. లాకు దగ్గర ఆగే సమయం మూడు నుండి అయిదు చిన్న గడుల లోపల ఉంటే సరైనదే. ముల్లు వెడల్పు మూడు చిన్న గడులకు తక్కువగా ఉండాలి. పెద్ద ఇ.సి.జి. కాగితం అడుగున ఒకే వరుసగా సాగే పట్టీ సాధారణంగా 10 సెకన్లది. అందులోని ముళ్ళు లెక్కపెట్టి ఆరుతో గుణిస్తే నిమిషానికి ఎన్నిసార్లు గుండె కొట్టుకుంటున్నదో వస్తుంది. ఏడు ముళ్ళే ఉంటే 42 అన్నమాట.

మొదటి డిగ్రీ బ్లాక్. ఇక్కడ ప్రతి పడవా దాటుతుంది, లస్కరు కాస్త నెమ్మది. ప్రతి "పి" తరువాత ముల్లు ఉంటుంది గాని, మధ్య ఎడం ఒక పెద్ద గడి కంటె ఎక్కువ. చాలామందికి దీనికి ఏ చికిత్సా అక్కరలేదు. వాడుతున్న మందులు ఒకసారి సరిచూసి, అప్పుడప్పుడు ఇ.సి.జి. తీయించుకుంటే సరిపోతుంది. దీనిని చూసి నిద్ర పాడుచేసుకోవద్దు.

రెండవ డిగ్రీ, మొదటి రకం. లస్కరు ఒక్కొక్క పడవకూ ఇంకాస్త ఎక్కువసేపు తీసుకుంటూ, చివరకు ఒక పడవను ఆపేస్తాడు. ఆ తరువాత మళ్ళీ చురుకుగా మొదలుపెడతాడు. కాగితం మీద ఎడం క్రమంగా పెరిగి, ఒక "పి" తరువాత ముల్లు లేకుండా పోతుంది. వెంకెబాక్ అనే వైద్యుడు దీనిని 1899లోనే, ఐంతోవెన్ యంత్రం రాకముందే, నాడి కొట్టుకునే తీరును నమోదు చేసి కనిపెట్టాడు. నాడిని ఓపికగా చూడడంలో ఎంత విలువ ఉన్నదో దీనినిబట్టి గ్రహించవచ్చు. బాగా శ్రమ చేసే యువకులలో, నిద్రలో ఇది కనబడినా సాధారణంగా ప్రమాదం ఉండదు.

రెండవ డిగ్రీ, రెండవ రకం. దీనిని 1924లో మోబిట్జ్ అనే వైద్యుడు వేరుచేసి చెప్పాడు. ఇక్కడ ఎడం ఏమీ పెరగదు. అన్నీ సరిగ్గా నడుస్తున్నట్టే ఉండి, హెచ్చరిక లేకుండా ఒక పడవ ఆగిపోతుంది. తప్పు తరచుగా లాకులో కాక దాని దిగువ తీగలలో ఉంటుంది. ముల్లు వెడల్పుగా కూడా ఉండవచ్చు. ఇది ఎప్పుడైనా పూర్తి బ్లాక్‌గా మారగలదు గనుక, రోగికి ఏ బాధా లేకపోయినా ఇంటికి పంపకూడదు. రెండు "పి"లకు ఒక ముల్లు చొప్పున వరుసగా వస్తుంటే అది ఏ రకమో తేల్చడానికి హృద్రోగ నిపుణులు కావాలి.

మూడవ డిగ్రీ, అంటే పూర్తి బ్లాక్. లాకు తలుపులు మూసుకుపోయాయి. ఎగువన పడవలు తమ వేగంతో వస్తూనే ఉంటాయి. దిగువ కాలువ ఎండిపోకుండా క్రింది గదులు తమంతట తామే నెమ్మదిగా కొట్టుకుంటాయి. ఆ వేగం నిమిషానికి 40 నుండి 60 ఉండవచ్చు, 20 నుండి 40 కూడా కావచ్చు. కాగితం మీద "పి"లు ఒక లెక్కన, ముళ్ళు మరొక లెక్కన, ఒకే ఇంట్లో రెండు గడియారాలు వేరువేరు సమయాలు చూపినట్టు నడుస్తాయి. ఇది అత్యవసరం.

ఒక చిన్న ఉపాయం చెబుతాము. ఖాళీ కాగితం అంచును పట్టీ క్రింద పెట్టి రెండు "పి"ల దగ్గర పెన్సిలుతో గీతలు పెట్టండి. ఆ కాగితాన్ని అదే ఎడంతో ముందుకు జరుపుతూ పోతే, "టి" లోనూ ముల్లులోనూ దాగిపోయిన "పి"లు ఎక్కడున్నాయో తెలుస్తుంది. అనుభవం గల నర్సులు చేసే పని ఇదే.

యంత్రం తరచుగా ముద్రించే మరొక మాట రైట్ లేదా లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్. లాకు దాటిన తరువాత రెండు పిల్ల కాలువలలో ఒకటి మూసుకుపోయిందని దాని అర్థం. రెండవ దాని గుండా సంకేతం చుట్టు తిరిగి అందుతుంది గనుక ముల్లు వెడల్పు అవుతుంది. ఆరోగ్యవంతులలో కుడివైపుది కనబడితే సాధారణంగా భయం లేదు. ఎడమవైపుది అయితే గుండెను ఎకో పరీక్షతో చూడాలి. అయితే ఛాతీ నొప్పితో వచ్చినవారిలోనూ, స్పృహ తప్పి పడిపోయినవారిలోనూ ఈ మాట కనబడితే తేలికగా తీసుకోకూడదు.

ఇదంతా మీరు వైద్యులు కావాలని చెప్పడం లేదు. "డాక్టరు గారూ, ప్రతి పి తరువాతా ముల్లు ఉన్నదాండీ? ఎడం ఒకేలా ఉన్నదాండీ?" అని అడగగలిగితే చాలు. అడిగే కుటుంబానికి వివరంగా జవాబు చెప్పక తప్పదు.

లాకు ఎందుకు పాడవుతుంది

ఎక్కువమందిలో కారణం వయసు. తీగలు గట్టిపడి అరిగిపోతాయి. గుండెపోటు మరొక కారణం. గుండె అడుగు భాగానికి వచ్చిన పోటులో బ్లాక్ తరచుగా తాత్కాలికమే, ముందు భాగానికి వచ్చిన పోటులో మాత్రం ప్రమాదం ఎక్కువ.

మందులు ముఖ్యమైన కారణం. బి.పి.కి వాడే అటెనలాల్, మెటోప్రొలాల్ వంటి మాత్రలు, డిల్టియాజెమ్, వెరపమిల్, గుండె జబ్బుకు వాడే డిగాక్సిన్ లాకును నెమ్మది చేస్తాయి. కంట్లో వేసే టిమోలాల్ చుక్కలు కూడా ఒంట్లోకి చేరి ఇదే పని చేయగలవు. ఇద్దరు డాక్టర్ల చీటీలు కలిసి ఒకే మనిషి మీద పడినప్పుడు ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి ఎప్పుడు వచ్చినా వాడుతున్న మందులన్నీ, చుక్కల సీసాలతో సహా, సంచిలో వేసుకొని తీసుకురండి. అయితే మా మాట చదివి మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దు. వీటిలో కొన్నింటిని ఒక్కసారిగా ఆపడం కూడా అపాయమే.

కోనసీమ వారికి ప్రత్యేకంగా చెప్పవలసినది కొబ్బరి బొండం సంగతి. ఆరోగ్యవంతులకు అది మంచి పానీయం. కాని కొబ్బరి నీళ్ళలో పొటాషియం సమృద్ధిగా ఉంటుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారు ఆ పొటాషియంను బయటకు పంపలేరు. వారు బి.పి.కి, గుండె నీరసానికి ఇచ్చే టెల్మిసార్టాన్, స్పైరనోలాక్టోన్ వంటివి కూడా వాడుతుంటే రక్తంలో అది ఇంకా పెరుగుతుంది. అది మితిమీరితే గుండె నెమ్మదించి, ముళ్ళు వెడల్పై, ఆగిపోవచ్చు. "నీరసంగా ఉన్నారు, రెండు బొండాలు కొట్టి ఇవ్వండి" అనే ప్రేమ కిడ్నీ రోగికి హాని చేస్తుంది. వారు ఎంత తాగవచ్చో డాక్టరును అడిగి తెలుసుకోవాలి. ఈ రకం బ్లాక్‌ను సకాలంలో గుర్తిస్తే పేస్‌మేకర్ లేకుండానే మందులతోనో, డయాలసిస్‌తోనో సరిచేయవచ్చు.

పిల్లలలో గొంతునొప్పి తరువాత కీళ్ళ వాపుతో వచ్చే రుమాటిక్ జ్వరం మొదటి డిగ్రీ బ్లాక్ తేవచ్చు. టీకాలు వేయించని పిల్లలకు వచ్చే డిఫ్తీరియా విషం పూర్తి బ్లాక్ తెచ్చి ప్రాణం తీయగలదు. దొడ్లలో పెంచే పచ్చగన్నేరు కూడా గుండెను నెమ్మది చేసే విషమే. పిల్లలు దానిని నోట్లో పెట్టుకున్నారని తెలిస్తే నాటు వైద్యం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తేవాలి.

మూర్ఛ అనుకుంటున్నది మూర్ఛేనా?

గుండె కొన్ని క్షణాలు ఆగితే మెదడుకు రక్తం అందక మనిషి పడిపోతాడు, కాళ్ళు చేతులు కొట్టుకోవచ్చు. చూసినవారు మూర్ఛ అని చేతిలో తాళాల గుత్తి పెడతారు. 1827లో రాబర్ట్ ఆడమ్స్, 1846లో విలియం స్టోక్స్ అనే డబ్లిన్ వైద్యులు నెమ్మదైన నాడికీ ఈ పడిపోవడానికీ సంబంధం ఉన్నదని వ్రాశారు. నేటికీ దీనిని వారి పేర్లతోనే పిలుస్తారు. ఇందులో మనిషి ముందు పాలిపోతాడు, కొద్ది క్షణాలలో తేరుకుంటాడు, తేరుకోగానే మొహం ఎర్రబడుతుంది, వెంటనే మనుషులను గుర్తుపట్టి మాట్లాడతాడు. మూర్ఛలో తేరుకున్న తరువాత కూడా చాలాసేపు మత్తుగా, అయోమయంగా ఉంటుంది. పెద్ద వయసులో మొదటిసారి "మూర్ఛ" వచ్చిందంటే ఇ.సి.జి. లేకుండా మాత్రలు మొదలుపెట్టకూడదని మా గట్టి అభిప్రాయం.

ఉపవాస కూడికలో ఎక్కువసేపు నిలబడి పడిపోయే యువతులలో ఎక్కువమందికి అది సామాన్యమైన సొమ్మసిల్లడమే. వారికి కూడా ఒకసారి ఇ.సి.జి. తీసి, బాగున్నదని చెప్పి పంపితే కుటుంబానికి ధైర్యం. కొబ్బరి దింపు తీసే కార్మికుల విషయంలో మాత్రం మినహాయింపు వద్దు. ఒక్కసారి కళ్ళు తిరిగినా, పరీక్ష అయ్యేవరకు చెట్టు ఎక్కనివ్వకండి. నేల మీద కొద్ది క్షణాల స్పృహ లేమి గాయంతో పోవచ్చు, చెట్టు మీద ప్రాణంతోనే పోతుంది.

ఒక జాగ్రత్త. బ్లాక్ వస్తూ పోతూ ఉండవచ్చు. ఒక ఇ.సి.జి. బాగున్నంత మాత్రాన పని అయిపోలేదు. పడిపోవడం మళ్ళీ జరిగితే 24 గంటలు నమోదు చేసే హోల్టర్ పరీక్ష అడగాలి.

పేస్‌మేకర్ అంటే భయమెందుకు?

1958 అక్టోబరు 8న స్వీడన్‌లోని స్టాక్‌హోంలో ఆర్నె లార్సన్ అనే 43 సంవత్సరాల వ్యక్తికి మొట్టమొదటిసారిగా శరీరం లోపల పేస్‌మేకర్ అమర్చారు. ఆయన రోజూ పదేపదే స్పృహ తప్పి పడిపోయేవాడు. ఇంజనీరు రూనె ఎల్మ్‌క్విస్ట్ తయారుచేయగా, సర్జన్ ఓకె సెన్నింగ్ అమర్చిన ఆ మొదటి యంత్రం కొన్ని గంటలే పనిచేసింది. మళ్ళీ మార్చారు. జీవితకాలంలో ఇరవైకి పైగా యంత్రాలు మార్పించుకొని, లార్సన్ 2001లో 86వ ఏట మరణించాడు. ఆ మరణానికి ఆయన గుండె లయ కారణం కాదు.

ఈనాటి యంత్రం అగ్గిపెట్టె కంటె చిన్నది. మత్తు ఆ చోటికే ఇచ్చి, కాలరు ఎముక క్రింద చర్మం లోపల అమర్చుతారు. గుండెను కోయరు. బ్యాటరీ సుమారు 8 నుండి 12 సంవత్సరాలు వస్తుంది. మిక్సీ, గ్రైండరు, టి.వి. వాడుకోవచ్చు. సెల్‌ఫోను చొక్కా జేబులో పెట్టుకోకుండా యంత్రానికి 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. ఎం.ఆర్.ఐ. తీయించే ముందు పేస్‌మేకర్ కార్డు చూపాలి.

పేస్‌మేకర్ ఉంటే ప్రాణం పోక మంచంలో కొట్టుకుంటుందని కొందరు భయపడతారు. అది నిజం కాదు. యంత్రం ఇచ్చేది సంకేతం మాత్రమే. కాలం వచ్చినప్పుడు గుండె కండరం దానికి స్పందించడం మానేస్తుంది. "ఎనభై ఏళ్ళ మనిషికి ఇంకా ఎందుకు?" అనే మాట కూడా మేము ఒప్పుకోలేము. ఆ ఎనభై ఏళ్ళ తాత గారు పడి తుంటి ఎముక విరిగితే మంచాన పడతారు. పేస్‌మేకర్ ఆయనకు పదేళ్ళు ఇస్తుందో లేదో గాని, తన కాళ్ళ మీద తాను నడిచే రోజులు ఇస్తుంది. ఇతర జబ్బుల చివరి దశలో ఉన్నవారు వద్దనుకుంటే అది వేరు. అది వారు, వారి కుటుంబం, డాక్టరు కలిసి నిర్ణయించుకోవాలి. కేవలం వయసు చూసి ఇతరులు నిర్ణయించకూడదు.

ఖర్చు గురించి అడగడానికి మొహమాటపడవద్దు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ అని పిలుస్తున్న ప్రభుత్వ పథకంలో పేస్‌మేకర్ అమర్చే చికిత్స ఉన్నది. నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిస్తే వివరాలు చెబుతారు.

కుటుంబాలు ఏమి చేయాలి

నాడి చూడడం నేర్చుకోండి. బొటనవేలు వైపున, మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి, గడియారం చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే మధ్యలో తప్పిపోయిన దెబ్బలు తెలియకపోవచ్చు. కళ్ళు తిరగడం, ఆయాసం, స్పృహ తప్పడం వంటి వాటితో పాటు నాడి 50 కంటె తక్కువ ఉంటే అదే రోజు ఇ.సి.జి. తీయించాలి. 40 లోపు ఉంటే ఒక్క గంట కూడా ఆలస్యం వద్దు.

అటువంటి మనిషిని మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తేవద్దు. పడుకోబెట్టి, 2005 నుండి మన రాష్ట్రంలో పనిచేస్తున్న 108కి ఫోను చేయండి. అమలాపురం నుండి రాజమండ్రికైనా కాకినాడకైనా 60 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. రాజోలు వైపు వారికి ఇంకా దూరం. కనుక ముందు దగ్గరలోని ఆసుపత్రిలో ఇ.సి.జి. తీయించి, అవసరమైతే అట్రోపిన్ వంటి మందు ఇప్పించి, అక్కడి నుండి పంపడం క్షేమం. మనిషి స్పృహ లేక, ఊపిరి తీయకుండా ఉంటే ఛాతీ మధ్య రెండు చేతులతో నిమిషానికి 100 నుండి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. లంక గ్రామాల వారు రెండవ రకం బ్లాక్ ఉన్నదని తెలిసిన మనిషిని వరద రోజుల్లో ఇంట్లో ఉంచుకోవద్దు. 2022 జూలైలో లంకలు మునిగినప్పుడు పడవ తప్ప దారి లేని సంగతి మనకు గుర్తున్నది.

తీసిన ప్రతి ఇ.సి.జి. కాగితాన్నీ భద్రపరచండి. పాత కాగితం పక్కన పెట్టి చూస్తేనే కొత్త మార్పు తెలుస్తుంది. ఆ కాగితం వేడికి నల్లబడుతుంది, కాలం గడిస్తే వెలిసిపోతుంది. కాబట్టి లామినేషన్ చేయించవద్దు. జిరాక్సు తీయించి, పేరు, తేదీ వ్రాసి ఉంచండి. పిల్లలు కువైట్‌లోనో హైదరాబాదులోనో ఉంటే, కాగితాన్ని బల్ల మీద పరిచి మొత్తం కనబడేలా ఫోటో తీసి పంపండి. దూరాన ఉన్న బిడ్డలు కూడా "అమ్మా, సెలైన్ పెట్టారా?" అని కాక, "ఇ.సి.జి. తీశారా? ఫోటో పంపు" అని అడగడం అలవాటు చేసుకోవాలి.

చివరగా ఒక మాట

ఇదంతా ఆసుపత్రి వారు తమ పరీక్షలు పెంచుకోవడానికి వ్రాశారని ఎవరైనా అనవచ్చు. ఆ అనుమానం సహజమే. మా దగ్గరకే రమ్మని మేము అనడం లేదు. మీకు దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా, మరెక్కడైనా తీయించండి. సూది లేదు, నొప్పి లేదు, కొద్ది నిమిషాల పని. పరీక్షలలో ఇంత చవకైనవి తక్కువే. అనవసరమైన భయం పుడుతుందన్నది మరొక అభ్యంతరం. భయం కాగితం వలన పుట్టదు, కాగితంలో ఏమున్నదో చెప్పకపోవడం వలన పుడుతుంది. కాబట్టి మా తోటి వైద్యులకు, నర్సులకు కూడా ఒక మనవి. రద్దీ ఎంత ఉన్నా, రెండు నిమిషాలు తీసుకొని, ఆ గడులు చూపించి, "ఇది నాళాల పూడిక కాదండీ, కరెంటు దారి సంగతి" అని తెలుగులో చెప్పండి.

ఆర్.ఎం.పి. సోదరులను మేము శత్రువులుగా చూడడం లేదు. అర్ధరాత్రి తలుపు తడితే లేచి వచ్చేది వారే. సీసా తగిలించే ముందు పూర్తి నిమిషం నాడి చూసి, నెమ్మదిగా ఉంటే వెంటనే పంపమని మాత్రమే వారిని కోరుతున్నాము. ప్రతి సంఘంలో ఇద్దరు ముగ్గురు యౌవనస్థులు, ఇద్దరు స్త్రీలు నాడి చూడడం, ఛాతీ నొక్కడం నేర్చుకుంటే ఊరికి ఎంతో మేలు. నేర్పడానికి మేము సిద్ధము. ఈ వారమే మీ ఇంట్లోని పెద్దవారి చేయి పట్టుకొని ఒక నిమిషం నాడి లెక్కపెట్టి, ఆ అంకెను తేదీతో సహా వ్రాసి పెట్టండి.